క్విజ్‌లో సంవత్సరాలు తికమక పడకుండా

చరిత్ర, సినిమా, క్రీడలు అని విడివిడిగా బట్టీ పడితే తేదీలన్నీ కలగాపులగం అయిపోతాయి. అలా కాకుండా ఒక్క సంవత్సరాన్ని పట్టుకుని, దాని చుట్టూ అన్నీ అల్లుకోండి. నాకైతే 1896 భలే ఇష్టం. ఏథెన్స్‌లో తొలి ఆధునిక ఒలింపిక్స్, అడ్వా యుద్ధంలో ఇథియోపియా చేతిలో ఇటలీ ఓటమి, బెకెరల్ కనిపెట్టిన రేడియోధార్మికత, బ్రిటన్‌లో మార్కోనీ వైర్‌లెస్ పేటెంట్ దరఖాస్తు... అన్నీ ఆ ఏడాదివే. ల్యూమియేర్ సోదరులు పారిస్‌లో టికెట్ పెట్టి సినిమా చూపించింది 1895 డిసెంబరు 28న. అంటే, 1896 మొదలవడానికి నాలుగు రోజుల ముందు! ఇలా అంచు మీద ఉన్నవే క్విజ్‌లో ఎక్కువగా దెబ్బకొడతాయి, వాటిని ప్రత్యేకంగా రాసిపెట్టుకోండి. తర్వాత 1930 తీసుకోండి: ప్లూటోను కనుగొనడం, తొలి ఫుట్‌బాల్ ప్రపంచకప్, ఉప్పు సత్యాగ్రహం.