డీ-అడిక్షన్ సెంటర్‌లో చేర్పించాలంటే: ఫారం మీద సంతకం ఎవరిది?

మద్యం, గంజాయి, మత్తు మాత్రలు మాన్పించే కేంద్రం మీ దగ్గర్లో ఎక్కడుందో 14446కి ఫోన్ చేస్తే చెబుతారు. కాల్ ఉచితం. హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలల్లో నేరుగా ఓపీకి వెళ్లొచ్చు. ఆధార్, పాత మందుల చీటీలు పట్టుకెళ్లండి. బెడ్ ఇప్పిస్తానంటూ వచ్చే మధ్యవర్తికి రూపాయి కూడా ఇవ్వొద్దు.

చిక్కంతా అడ్మిషన్ ఫారం దగ్గరే. మద్యం, మత్తు సమస్యలకూ వర్తించే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం పెద్దవాళ్లు చేరడానికి మామూలుగా ఉన్నవి రెండు దారులు. మనిషి తనంతట తాను ఒప్పుకుంటే సంతకం తనదే. ఇంటికి వెళ్తానని అడిగితే పంపించాలి. డాక్టర్‌కు అనుమానముంటే పరీక్ష కోసం 24 గంటలు ఆపొచ్చు, అంతే. నిర్ణయం తీసుకునే స్థితిలో లేకపోతే నామినేటెడ్ ప్రతినిధి, అంటే సాధారణంగా ఇంట్లోవాళ్లు, దరఖాస్తు ఇవ్వాలి. అది ఒక్కటీ చాలదు. ఒక సైకియాట్రిస్ట్, మరో డాక్టర్ లేదా మానసిక ఆరోగ్య నిపుణుడు చేరే రోజునో, అంతకు ముందు ఏడు రోజుల్లోనో విడివిడిగా పరీక్షించి ఉండాలి. అప్పుడు కూడా గరిష్ఠంగా 30 రోజులే. ఆపైన ఉంచాలంటే మళ్లీ పరీక్షలు, మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు అనుమతి కావాలి.

అందుకే అర్ధరాత్రి బండి పంపి ఎత్తుకొస్తామనేవాళ్లను, ఆరు నెలల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టమనేవాళ్లను నమ్మకండి. కొడుకు బాగుపడితే చాలని తల్లి ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టేస్తుంది. ఆ ఆత్రాన్నే వాళ్లు సొమ్ము చేసుకుంటారు. రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ ఇచ్చిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమనండి. నసిగితే అక్కడి నుంచి వచ్చేయండి. పడకలు చూడనివ్వమనండి, రాత్రిపూట డాక్టర్ ఎవరుంటారో అడగండి. గొలుసులతో కట్టడం, బలవంతంగా గుండు కొట్టించడం చట్టం ఒప్పుకోదు. ఇంటివాళ్లతో ఫోన్‌లో మాట్లాడటం రోగి హక్కు.

చికిత్సకు వెళ్తే పోలీసు కేసు పెడతారేమోనన్న టెన్షన్ చాలామందికి ఉంటుంది. వైద్య వివరాలు గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత కేంద్రానిదే.

చివరిసారి ఎప్పుడు, ఎంత తాగారో డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. రోజూ బాగా తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. మొదటి కొద్ది రోజులూ డాక్టర్ కనిపెట్టుకుని ఉండే చోటే చేర్పించండి.