ఇంగ్లండ్ పల్లెటూరి పారిష్‌లో వంశాన్నీ, ఊరి చరిత్రనూ వెతకడం ఎలా?

పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊరు, దాని చుట్టుపక్కల. మా అల్లుడిది నార్ఫక్ కౌంటీలో ఒక చిన్న పల్లె. "అమ్మమ్మా, నాన్నవాళ్ళ ముత్తాతలు ఏం చేసేవాళ్ళు?" అని మనవరాలు అడిగిన రోజు మొదలైంది ఈ పని. పన్నెండేళ్ళు దాటింది. తర్వాత ఇరుగుపొరుగుకూ, ఇంగ్లిష్ ఇళ్ళతో వియ్యమందిన మన తెలుగు కుటుంబాలకూ చేసిపెట్టాను. దాదాపు అందరూ పొరబడేది ఒక్కచోటే. పేరు కలిసింది కదా అని మనిషిని కలిపేసుకుంటారు. ఆ ఒక్క తప్పుతో అక్కణ్ణుంచి పైకి ఉన్న తాతముత్తాతలంతా వేరే ఇంటివాళ్ళయిపోతారు.

కావలసినవి తక్కువే. ఒక పెన్సిల్, లావుపాటి నోటుబుక్కు, ఫోటోలకు ఫోన్. పాత రిజిస్టర్లు దాచే రికార్డ్ ఆఫీసులో పెన్ను తీయనివ్వరు కాబట్టి పెన్సిలే. పాత రికార్డులు వెతికే సైట్లలో ఫ్యామిలీసెర్చ్, ఫ్రీరెగ్, ఫ్రీబీఎండీ ఉచితం. డబ్బు కట్టాల్సిన సైట్లు చాలా పబ్లిక్ లైబ్రరీల్లో ఉచితంగా చూడొచ్చు. ముందే చందా కట్టకండి.

మొదట ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. పాత బైబిల్ ఉంటే ముందు పేజీలు చూడండి, పుట్టుకలూ చావులూ అక్కడ రాసుకునేవాళ్ళు. తర్వాత సర్టిఫికెట్లు. ఇంగ్లండ్, వేల్స్‌లో ప్రభుత్వ నమోదు 1837 జూలై 1న మొదలైంది. పుట్టిన సర్టిఫికెట్‌లో తల్లి పుట్టింటి పేరు, పెళ్ళి సర్టిఫికెట్‌లో ఇద్దరి తండ్రుల పేర్లూ వృత్తులూ దొరుకుతాయి. ఆపైన జనాభా లెక్కలు. 1841లో పదిహేనేళ్ళు దాటినవాళ్ళ వయసును కిందికి, అయిదుల్లోకి కుదించి రాశారు. అందుకే 39 ఏళ్ళవాడు 35 అని కనిపిస్తాడు. 1851 నుంచి వయసు సరిగ్గా అడిగారు, పుట్టిన పారిష్ కూడా రాశారు. మనకు కావలసింది అదే. "ఆగ్ ల్యాబ్" అని కనిపిస్తే వ్యవసాయ కూలీ అని అర్థం. పల్లెల్లో సగం పేజీ అదే ఉంటుంది.

1837కి ముందు చర్చి రిజిస్టర్లే ఆధారం. 1538లో థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో బాప్తిజాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు రాయడం మొదలుపెట్టారు. అంత పాత పుస్తకాలు అన్ని ఊళ్ళలో మిగల్లేదు. పాత రిజిస్టర్ల కోసం వికార్ (ఊరి చర్చి గురువు) గారి తలుపు తట్టకండి. అవి చాలావరకు కౌంటీ రికార్డ్ ఆఫీసులకు చేరాయి, నార్ఫక్‌వి నోరిచ్‌లో ఉన్నాయి. 1754 నుంచి పెళ్ళి రిజిస్టర్లలో వధూవరుల సంతకాలు, సాక్షుల సంతకాలు వచ్చాయి. రాయడం రానివాళ్ళు ఇంటూ గుర్తు పెట్టారు. 1813 నుంచి బాప్తిజాలకూ ఖననాలకూ అచ్చు గళ్ళ పుస్తకాలు వచ్చాయి. వాటిలో బాప్తిజం దగ్గర తండ్రి వృత్తి, ఖననం దగ్గర వయసు ఉంటాయి.

ఇండెక్స్‌లో పేరు కనిపిస్తే అక్కడే ఆగకండి, అసలు పేజీ ఫోటో తెరవండి. ఇండెక్స్ ఇంకొకరు చదివి రాసినది. పేజీ అంచున గుమాస్తా రాసిన చిన్న మాట దానిలోకి రాదు.

ఇప్పుడు అసలు చిక్కు. దీనికి ఎంత టైమ్ పట్టినా పట్టనివ్వండి.

మీ దగ్గర 1820లో పెళ్ళయిన విలియం ఉన్నాడనుకోండి. అదే ఊళ్ళో 1791లో బాప్తిజం పొందిన విలియం కనిపించాడు. ఇంటిపేరు అదే. చాలామంది ఇక్కడ చప్పట్లు కొట్టి గీత గీసేస్తారు. మా అల్లుడి వంశంలో ఆన్‌లైన్‌లో ఎవరో సరిగ్గా ఇలాగే గీశారు. దాన్ని ఇంకో పదిమంది కాపీ చేసుకున్నారు. నేనూ నమ్మి నాలుగు నెలలు ఆ దారినే పోయాను. ఒకరోజు ఖననాల పుస్తకం తిప్పుతుంటే 1794లో ఒక వరుస కనిపించింది: "విలియం, జాన్, ఆన్‌ల కొడుకు". ఆ 1791 పిల్లవాడు మూడేళ్ళకే పోయాడు. 1796లో పుట్టిన తమ్ముడికి మళ్ళీ అదే పేరు పెట్టారు. చనిపోయిన బిడ్డ పేరు తర్వాతి బిడ్డకు పెట్టడం అక్కడ మామూలు. ఆ పేజీ ముందు చాలాసేపు కూర్చుండిపోయాను. మూడేళ్ళ పసివాణ్ణి మనవరాలికి తాతగా చూపించబోయాను.

అందుకే, బాప్తిజం దొరకగానే ఖననం వెతకండి. ముందు పదేళ్ళలోపు, తర్వాత పెళ్ళి తేదీ దాకా. అది పూర్తికాకుండా వంశవృక్షంలో పేరు రాయకండి. తర్వాత చుట్టుపక్కల అయిదు మైళ్ళలోపు పారిష్‌లన్నీ చూడండి. నార్ఫక్‌లో మధ్యయుగపు చర్చిలే 600కి పైగా మిగిలున్నాయి. కూలీలు ఏడాదికో యజమాని దగ్గరికి మారేవాళ్ళు, అందుకని మీ విలియం పక్క ఊళ్ళో పుట్టి ఉండొచ్చు. 1851 లెక్కల్లో వయసు, పుట్టిన ఊరు సరిపోయాయా? పెళ్ళి సాక్షుల్లో అన్నదమ్ములు ఉన్నారా? వృత్తి కలుస్తోందా? కనీసం రెండు విడి ఆధారాలు కావాలి. ఒక్కటే ఉంటే పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టి ఆపేయండి.

స్పెల్లింగ్‌ను పట్టించుకోకండి. విన్నది విన్నట్టు రాసుకున్నారు. ఒకే మనిషి ఇంటిపేరు మూడు పేజీల్లో మూడు రకాలుగా ఉంటుంది.

ఇంకో ప్రమాదం తేదీలది. మనకు ఉగాదికి సంవత్సరం మారినట్టు, ఇంగ్లండ్‌లో 1751 దాకా మార్చి 25న మారేది. అంటే రిజిస్టర్‌లో 1720 మే పెళ్ళి, 1720 ఫిబ్రవరి బాప్తిజం కనిపిస్తే పిల్ల పెళ్ళికి ముందు పుట్టిందని కాదు. ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1721. నోటుబుక్కులో 1720/21 అని రెండూ రాయండి, సర్ది ఒకటే రాయకండి. 1653 నుంచి 1660 దాకా అంతర్యుద్ధం తర్వాతి రోజుల్లో చాలా పుస్తకాల్లో ఖాళీలుంటాయి. ఆ ఏళ్ళలో మనిషి దొరకలేదంటే లేడని కాదు.

నేను సాఫ్ట్‌వేర్ వాడను. ఒక్కో మనిషికి ఒక్కో కాగితం, దానిమీద ఆధారం ఎక్కడ దొరికిందో పేజీతో సహా రాస్తాను. కంప్యూటర్ వంశవృక్షంలో ఖాళీ గడి కనిపిస్తే నింపాలనిపిస్తుంది. కాగితం మీద ఖాళీ ఖాళీగానే ఉంటుంది, ఎవరూ తొందరపెట్టరు.

వంశం కుదిరాక ఊరి సంగతి. పేదవాళ్ళ గురించి ఎక్కువ చెప్పేది పారిష్ పెట్టె కాగితాలు, అంటే పారిష్ తన పాత పత్రాలను పెట్టెలో దాచుకున్నవి. 1662 చట్టం ప్రకారం సాయం అడిగే అవకాశమున్న మనిషిని అతని సొంత పారిష్‌కు పంపేయొచ్చు. అలా పంపేముందు ప్రమాణం చేయించి, ఎక్కడ పుట్టాడో, ఎవరి దగ్గర పనిచేశాడో అడిగి రాసుకున్నారు. చదువురాని కూలీ బతుకు గురించి అంతకన్నా వివరంగా ఉండే కాగితం ఇంకోటి చూడలేదు.

చివరగా టైథ్ మ్యాప్ తీయండి. చర్చికి ఇచ్చే పదోవంతును డబ్బు రూపంలోకి మార్చిన 1836 చట్టం కోసం గీసినది. ప్రతి చేనుకూ నంబర్, జాబితాలో యజమాని, సాగుచేసేవాడు, చేను పేరు, పంట భూమో పచ్చికో, విస్తీర్ణం ఉంటాయి. మీ మనిషి గుడిసె నంబర్ పట్టుకుని, ఇప్పటి ఆర్డ్నెన్స్ సర్వే (ప్రభుత్వ) మ్యాప్ పక్కన పెట్టి, ఊళ్ళోకి వెళ్ళి నడవండి. నవంబర్‌లో వెళ్ళండి, ఆకులు రాలి గట్లు కనిపిస్తాయి. మా అల్లుడి వాళ్ళ గుడిసె ఉన్నచోట ఇప్పుడు బీట్‌రూట్ చేను. మట్టిలో ఇటుక ముక్కలు తేలి ఉన్నాయి. మనవరాలు ఒకటి ఏరి జేబులో వేసుకుంది.