పాత చెరువు అడుగు నేలను గుర్తుపట్టడం ఎలా?

నేను ఏ నేల చూసినా ముందు పార అడుగుతాను. పాత చెరువు అడుగు నేల పైన చూస్తే నల్లగా, మెత్తగా, బంగారంలా ఉంటుంది. అక్కడే మోసపోతాం.

రెండడుగుల లోతు గుంట తీసి, గోడ చెక్కి రంగు చూడండి. బూడిద రంగులో మధ్యమధ్య తుప్పు మచ్చలుంటే ఏటా చాలాకాలం నీళ్లు నిలుస్తున్నట్టే. గాలి అందని మట్టిలో ఇనుము ఎర్రదనం పోతుంది. పాత వేళ్ల సందుల్లో గాలి తగిలిన చోట మళ్లీ తుప్పు పడుతుంది. కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఇంక అనుమానమే అక్కర్లేదు.

తడిమట్టిని బొటనవేలితో రిబ్బన్‌లా నొక్కండి. 5 సెంటీమీటర్లు దాటినా తెగకపోతే బంకమట్టి. కదలని నీటి అడుగున 0.002 మిల్లీమీటర్ల కన్నా సన్నటి రేణువులు పేరుకుని తయారైన నేల మరి!

తర్వాత అడుగు లోతు గుంటలో నీళ్లు నింపండి. ఇంకాక మళ్లీ నింపి కొలవండి. గంటకు 2.5 సెంటీమీటర్లు కూడా దిగకపోతే నీరు ఇంకని నేల. ఒకసారి నేను పోసిన నీళ్లు మర్నాడు పొద్దునా అలాగే ఉన్నాయి.

కాస్త ఇసుక కలిపితే సరిపోతుందని మాత్రం అనుకోకండి, ఇంకా గట్టిపడొచ్చు. నేలను గుల్లబరచడానికి వేసే జిప్సం పనిచేసేది సోడియం ఎక్కువున్న చౌడులోనే. ఎత్తు మడులు కట్టి, మురుగు కాలువకు వాలు చూసుకోండి. తడి ఆరి దున్నడానికి పదును రాకముందు దుక్కి వద్దు, తొక్కనూ వద్దు.