ఎన్ స్కేల్ లేఅవుట్‌కి గోదావరి మిల్లులు, ఫ్యాక్టరీలు సంపాదించడం ఎలా

ఎన్ స్కేల్‌లో, అంటే అసలులో 160వ వంతు సైజు మోడల్స్‌లో, రైళ్లు కొనడం ఒక ఎత్తు, లేఅవుట్ (పట్టాలు పరిచిన బల్ల) మీద వాటి పక్కన నిలబెట్టడానికి మనవి అనిపించే ఫ్యాక్టరీలు సంపాదించడం ఇంకో ఎత్తు. మోడల్ కిట్లు అమ్మే కంపెనీల్లో వాల్తర్స్‌లో చూస్తే అమెరికా గ్రెయిన్ ఎలివేటర్లు (ధాన్యం నిల్వ చేసే ఎత్తైన కట్టడాలు), ఫాలర్‌లో చూస్తే జర్మన్ ఇటుక కట్టడాలు. ఉప్పుడు బియ్యం మిల్లు కిట్ కోసం వెతికి టైం వేస్ట్ చేసుకోకండి. పేరు వదిలేసి ఆకారం పట్టుకోండి: పొడవాటి రేకుల షెడ్డు, ధాన్యాన్ని పైకి చేరవేసే సన్నటి, ఎత్తైన ఎలివేటర్ గది, పొగగొట్టం. ఈ మూడూ ఏ దేశం కిట్‌లోంచైనా ఏరుకోవచ్చు.

కొనేముందు, మీ సైడింగ్‌లోకి (సరుకు ఎక్కించి దించడానికి మెయిన్ లైన్ నుంచి పక్కకి చీలిన పట్టాలు) ఏ సరుకు వస్తుందో తేల్చుకోండి. డెల్టాలో చాలా మిల్లులకి సొంత సైడింగ్ ఉండదు, బస్తాలు లారీల్లో గూడ్స్ షెడ్‌కో గోడౌన్‌కో చేరతాయి. అందుకని మిల్లు గోడకి ఆనించి పట్టాలు వేసేకంటే స్టేషన్ దగ్గర గూడ్స్ షెడ్డు, నాలుగు లారీలు పెట్టి, మిల్లుని వెనక్కి నెట్టేస్తేనే నిజంగా ఉంటుంది. ఫ్యాక్టరీలోకే వ్యాగన్లు వెళ్లాలంటే కాకినాడ వైపు చూడండి, ఎరువుల ఫ్యాక్టరీలు, పోర్టు, నూనె ట్యాంకులు అన్నీ అక్కడే ఉన్నాయి. కాకపోతే అలాంటి చోట్ల గేటు దగ్గర అడక్కుండా ఫొటోలు తీయకండి.

కొలతలకి గూగుల్ మ్యాప్స్ శాటిలైట్ వ్యూ చాలు. అసలు మీటర్లని 6.25తో గుణిస్తే 1:160లో మిల్లీమీటర్లు వస్తాయి, అంటే 40 మీటర్ల షెడ్డు 25 సెంటీమీటర్లు. అంత చోటు లేకపోతే పొడవు సగానికి కోసేయండి, ఎత్తు మాత్రం తగ్గించకండి, ఎత్తు తగ్గితే ఫ్యాక్టరీ కాస్తా కిళ్లీ కొట్టు అయిపోతుంది. లేఅవుట్ వెనక గది గోడ పక్కన అయితే ముందు భాగం ఒక్కటే, రెండు సెంటీమీటర్ల మందంలో, అతికించినా సరిపోతుంది.

జపాన్ కిట్లు 1:150, బ్రిటిష్‌వి 1:148. పెద్ద తేడా ఏం కాదు, పక్కపక్కన పెట్టకపోతే చాలు. అసలు కన్ను పట్టేసేది తలుపులు, నిచ్చెనలు, రెయిలింగులే. తలుపు 13 మిల్లీమీటర్లు ఉందా లేదా చూడండి. ఈ లెక్కన హెచ్‌ఓ (ఎన్ కంటే పెద్దదైన 1:87 స్కేల్) ట్యాంకుకి నిచ్చెన పీకేసి చిన్నది అంటిస్తే ఎన్‌లో అదే భారీ ట్యాంకు. డబ్బులు మిగిలే చిట్కా ఇదొక్కటే అని నా అభిప్రాయం. హెచ్‌ఓ పేపర్ మోడల్ ఫైల్ దొరికితే 54 శాతానికి తగ్గించి ప్రింట్ తీయండి.

సైలోకి (ధాన్యం లాంటివి నిల్వ చేసే గుండ్రటి, ఎత్తైన గాదె) హార్డ్‌వేర్ షాపులో 63 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్క అడగండి, అది పది మీటర్ల సైలో. 30 మీటర్ల పొగగొట్టానికి 19 సెంటీమీటర్ల సన్న పైపు. సిమెంట్ రేకులకి అట్టపెట్టె గీతలు మరీ లావు, మందపాటి కాగితం మీద ఇంకు అయిపోయిన బాల్‌పెన్‌తో మిల్లీమీటరుకో గీత గీయండి, ఓపిక కావాలి మరి.

మిల్లు పక్కన ఊక కుప్ప లేకపోతే అది మిల్లే కాదు. అసలు ఊక పోయకండి, ఈ స్కేల్‌లో ఒక్కో పొట్టు మీటరు పైనే ఉంటుంది. రంపపు పొట్టుని టీ జల్లెడలో జల్లించి, నీళ్లు కలిపిన ఫెవికాల్ చుక్కలు వేసి రాత్రంతా ఆరనివ్వండి.