మిర్చి కల్లం నుంచి గుంటూరు యార్డు దాకా: రేటు తెగకుండా చూసుకోవడం ఎలా

మాది సత్తెనపల్లి వైపు పల్లె. సొంత పొలం లేదు. కౌలుకు తీసుకుని నేనూ మా ఆయనా ఏటా మిర్చే వేస్తాం. మార్కెట్ మన చేతిలో లేదని ఈ చుట్టుపక్కల ఎవరికీ చెప్పక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో రేటు పడిపోతే కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాకు 11,781 రూపాయలని ప్రకటించాల్సి వచ్చింది. అయితే ఒకే రోజు, ఒకే రకం కాయకు ఇద్దరు రైతులకు రెండు రేట్లు పడతాయి. ఆ తేడా చాలావరకు కల్లంలోనే తయారవుతుంది. మొదటిసారి మిర్చి వేసినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందు కూలీల సంగతి. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి సుగ్గికి, అంటే కోతల కాలంలో వలస పనికి, వచ్చే కుటుంబాలు లేకపోతే మా దగ్గర కోతలు సాగవు. రోజు కూలా, కేజీ లెక్కా అన్నది వాళ్లు బయల్దేరకముందే ఫోన్లో తేల్చుకోండి. కోత డబ్బు విడిగా దాచండి. సరుకు అమ్మాక ఇస్తామంటే పిల్లాపాపలతో వచ్చినవాళ్లు ఏం తింటారు? ఇచ్చిన మాట ప్రకారం డబ్బులిచ్చిన ఇంటికే వాళ్లు మళ్లీ ఏడాది వస్తారు. సగం పండిన కాయ తెంపొద్దని కూడా మొదటి రోజే చెప్పాలి.

మొదటి, రెండో కోతల కాయకు రంగూ బరువూ ఉంటాయి. మూడో కోతకు తాలు, అంటే రంగు పోయి తెల్లబడిన నాసి కాయ, పెరుగుతుంది. చోటు చాలదని అన్నీ ఒకే కుప్ప చేయకండి. కోతకో టార్పాలిన్ పట్టా, కోతకో లాటు.

ఆరబెట్టడం దగ్గర తొందరపడితే మొత్తం చెడుతుంది. కోసుకొచ్చిన కాయను ఒకటి రెండు రోజులు కుప్పగా ఉంచితే రంగు ఒకేలా తిరుగుతుంది. తర్వాత పట్టా మీద పలచగా పరవండి. మట్టి నేల మీద వద్దు, అడుగున చెమ్మ తగిలి బూజు పడుతుంది. ఆ బూజు విషం ఉన్న సరుకును ఎగుమతి చేసేవాళ్లు వెనక్కి కొడతారు. పగలు రెండు మూడుసార్లు తిరగేయాలి, సాయంత్రం కుప్ప చేసి మంచు తగలకుండా కప్పాలి. తేమ 10, 11 శాతానికి దిగాలి. తేమ కొలిచే మిషన్ లేకపోతే కాయను చెవి దగ్గర పెట్టి ఊపండి. గింజ గలగలమనాలి. గుప్పిట్లో నొక్కితే కాయ మెత్తగా అణగకూడదు, పొడి పొడిగా విరిగిపోకూడదు కూడా. మరీ ఎండితే బరువు మనకే నష్టం.

తాలు ఏరడానికి కూలి దండగ అనుకునేవాళ్లు చాలామంది. ఎర్రకాయలో తాలు కనిపిస్తే వ్యాపారి టిక్కీ (మిర్చి సంచి) మొత్తానికి రేటు తగ్గిస్తాడు. ఏరి వేరే కడితే తాలు కూడా తాలు రేటుకు అమ్ముడుపోతుంది. టిక్కీల్లోకి కాయను తొక్కి నింపేటప్పుడు అది విరక్కుండా నీళ్లు చల్లే అలవాటు ఉంది. దయచేసి మానేయండి. తెల్లవారుజామున గాలిలో చెమ్మకు కాయ కాస్త మెత్తబడుతుంది, అప్పుడు తొక్కిస్తే చాలు. పైన మంచి కాయ, లోపల నాసి కాయ పెట్టినా లాభం లేదు. వాళ్లు సంచి కోసి మధ్యలోంచి మచ్చు తీస్తారు.

ఇక ఏసీలో, అంటే కోల్డ్ స్టోరేజీలో, పెట్టాలా, అమ్మేయాలా? కాగితం మీద లెక్క వేయండి. క్వింటా 12 వేలనుకుందాం. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పుంటే నెలకు 240, నాలుగు నెలలకు 960 రూపాయలు. దానికి ఏసీ అద్దె, హమాలీ, తరుగు కలపండి. రేటు అంతకు మించి పెరుగుతుందన్న నమ్మకం ఉంటేనే ఆపండి. మేమైతే అప్పు తీరేంత సరుకు ముందే అమ్మేసి, మిగిలిందే ఏసీకి పంపుతాం. ఏసీవాళ్లిచ్చే బాండు (రసీదు) మీద పేరు, టిక్కీల సంఖ్య, బరువు సరిచూసుకోండి. నిప్పు ప్రమాదానికి బీమా ఉందో లేదో అడగండి. మే నెలలో యార్డుకు వేసవి సెలవులు వస్తాయి, అది కూడా లెక్కలో ఉండాలి.

యార్డులో కాటా దగ్గర మీ మనిషి ఉండాలి. పట్టీలో (అమ్మకం లెక్క చీటీలో) బరువు, రేటు, తగ్గించిన డబ్బు విడివిడిగా రాయించుకోండి. ఒకసారి ఒక కమీషన్ కొట్లో మాకు సంచి తరుగు పేరుతో ఎక్కువ కోశారు. పట్టీ చేతిలో ఉంది కాబట్టే నిలదీసి తిరిగి తీసుకోగలిగాం.

కౌలు రైతులు పంట వేయగానే ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-క్రాప్‌లో తమ పేరే ఎక్కించుకోవాలి. బీమా అయినా, ప్రభుత్వ సాయమైనా దాన్నిబట్టే. 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కు కార్డు పదకొండు నెలలకే. అందులో పంట మీదే తప్ప భూమి మీద హక్కేమీ రాదు. ఆ మాట పొలం ఆసామికి ఊరి పెద్ద ఒకరిని వెంటబెట్టుకుని చెప్పండి. కార్డు కాగితం మీద సంతకం పెట్టడానికి ఆసాములు భయపడేది ఆ ఒక్క విషయానికే.

చివరగా, కొంత కాయ కారానికి ఉంచుకోండి. ఆవకాయల రోజుల్లో హైదరాబాద్, విజయవాడల్లో ఉన్న మనవాళ్లు ఊరి కారం కోసం ఫోన్లు చేస్తారు. తేజ రకానికి మంట ఎక్కువ, పచ్చళ్లకు 341 రకం లాంటి రంగు కాయే అడుగుతారు. తొడిమలు తీయడానికి మా వీధి ఆడవాళ్లకే పని ఇస్తాను, ఎండాకాలంలో వాళ్లకూ నాలుగు డబ్బులు. కారం అమ్మాలంటే చిన్న ఎత్తునైనా ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ చేయించాలి, పెద్ద ఎత్తునైతే లైసెన్సే కావాలి. ఆర్డర్లు ఉగాదికల్లా రాసుకుని, అడ్వాన్సు అందాకే కాయను మిల్లుకు తీసుకెళ్లండి.