తెలుగు నేర్చుకునేవారితో కబుర్లు చెప్పడం ఎలా?

సంక్రాంతికి కోనసీమ వచ్చే అమెరికా మనవలు, భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద పనిచేసే ఒడిశా కుర్రాళ్లు తెలుగులో రెండు ముక్కలు మాట్లాడబోతే, మనం గొంతైనా పెంచుతాం, ఇంగ్లీషులోకో హిందీలోకో అయినా మారిపోతాం. రెండూ వాళ్లకు సాయం కావు.

ముందు కళ్లెదుట జరుగుతున్న పని గురించే మాట్లాడండి. కొబ్బరికాయ ఒలుస్తూ "డొక్క తీస్తున్నాను, ఇప్పుడు కాయ కొడతాను" అంటే సగం అర్థం చేతులే చెప్పేస్తాయి.

మాటను సాగదీయకండి. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఆగండి. "ఎక్కడికి వెళ్తున్నారండి?" అని విడివిడిగా అని, వెంటనే మన ధోరణిలో "ఎక్కడికెళ్తన్నారండి?" అని కూడా అనండి. రేపు రాజోలు బస్టాండులో వాళ్లకు వినబడేది రెండోదే.

సులువవుతుందని "నువ్వు రేపు పని రా" లాంటి విరిగిన తెలుగు మాత్రం వద్దు. వచ్చాను, వచ్చాడు, వచ్చింది, వచ్చారు: ఎవరు వచ్చారో చెప్పేది క్రియ చివరి ముక్కే. దాన్ని మనమే కోసేస్తే వాళ్లు ఎక్కడ వింటారు? చిన్న వాక్యమైనా పూర్తిగా చెప్పండి. పనివాళ్లయినా సరే, మీరు, అండి అనే పిలవండి. మనం నువ్వు అంటే వాళ్లూ అదే నేర్చుకుని పెద్దవాళ్ల దగ్గర మాట పడతారు. ఇది నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది.

అర్థం కాకపోతే అదే మాట ఇంకోసారి, తర్వాత వేరే మాటల్లో, ఆ తర్వాత సైగతో చెప్పండి. అప్పటికీ కాకపోతే వాళ్ల భాషలో ఒక్క మాట చెప్పి మళ్లీ తెలుగులోకి వచ్చేయండి.

"నేను ఆకలి ఉంది" అన్నారనుకోండి. నవ్వొద్దు. నలుగురిలో నవ్వితే ఆ మనిషి మళ్లీ నోరు విప్పడు. "మీకు ఆకలిగా ఉందా? పెసరట్టు తిందామా?" అనండి. ఇలా సరిచేసి తిరిగి అనడాన్ని రీకాస్ట్ అంటారు. కెనడాలోని ఫ్రెంచ్ తరగతులపై లిస్టర్, రాంటా అనే పరిశోధకులు 1997లో ప్రచురించిన అధ్యయనంలో టీచర్లు ఎక్కువగా వాడింది ఇదే, కానీ పిల్లలు తప్పు దిద్దుకున్నది దీనితోనే తక్కువ. తమను సరిచేశారన్న సంగతి తేలిగ్గా జారిపోతుంది మరి. అందుకే "మీకు" దగ్గర కాస్త ఒత్తి పలికి ఆగండి. "నాకు ఆకలిగా ఉంది" అని వాళ్లే అనేదాకా టైమివ్వండి.

చివరగా, "అర్థమైందా?" అని అడగకండి. మొహమాటానికి ఎవరైనా తలూపుతారు. "రావులపాలెంలో దిగాలా, అమలాపురంలోనా?" అని అడగండి, ఎంత అర్థమైందో జవాబులోనే తెలిసిపోతుంది.