కార్బన్ మోనాక్సైడ్ అలారం ఎందుకు మోగుతోంది?

ఈ అలారం రెండు రకాలుగా అరుస్తుంది. ఒకటి "నాకు బాగాలేదు" అని, రెండోది "ఇంట్లో గాలి బాగాలేదు" అని. వీటి తేడా తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

నాలుగు బీప్‌లు, చిన్న విరామం, మళ్లీ నాలుగు

ఇది కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు గురించి హెచ్చరిక. గీజర్, బాయిలర్, పొయ్యి సరిగా మండకపోయినా, పొగగొట్టం మూసుకుపోయినా, ఇంటిని ఆనుకుని జనరేటర్ నడుస్తున్నా ఈ వాయువు చేరుతుంది. దీనికి రంగూ వాసనా లేవు కాబట్టి, వాసన చూసి "ఏమీ లేదులే" అనుకోవద్దు. కారణం వెతుకుతూ కూర్చోకుండా అందరూ బయటికి రండి. అత్యవసర సేవలకు ఫోన్ బయటి నుంచే చేయండి. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం ఎవరికైనా ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి. మోత ఆగింది కదా అని మళ్లీ లోపలికి వెళ్లొద్దు.

ఒక మెలిక ఉంది. కొన్ని మోడళ్లు మొదటి 4 నిమిషాలు ఆపకుండా మోగి, తర్వాత నిమిషానికోసారే నాలుగు బీప్‌లు ఇస్తాయి. అది బ్యాటరీ గొడవ అనుకుంటే ప్రమాదమే. ఎంతసేపటికోసారి అని కాదు, ఒక్కసారికి ఎన్ని బీప్‌లో లెక్కపెట్టండి.

డిస్‌ప్లేలో అంకె ఉంది, మోత లేదు

ఆ అంకె పీపీఎం, అంటే పది లక్షల భాగాల గాలిలో ఈ వాయువు ఎన్ని భాగాలుందో చెప్పే లెక్క. అలారం మోతాదుతో పాటు ఎంతసేపుందో కూడా చూస్తుంది. అమెరికా ప్రమాణం యూఎల్ 2034 ప్రకారం 70 పీపీఎం దగ్గర 1 నుంచి 4 గంటల్లో, 150 దగ్గర 10 నుంచి 50 నిమిషాల్లో, 400 దగ్గర 4 నుంచి 15 నిమిషాల్లో మోగాలి. చాలా మోడళ్లు 30 లోపు ఉంటే సున్నాయే చూపిస్తాయి. కాబట్టి 40 కనిపించి మోత లేకపోయినా అది క్షేమమని కాదు. మండుతున్నవన్నీ ఆపి, కిటికీలు తీసి, టెక్నీషియన్‌ను పిలవండి. గర్భిణులు, పసిపిల్లలు, గుండె జబ్బున్నవాళ్లు ఉంటే, లేదా ఎవరికైనా నలతగా ఉంటే, ముందు బయటికి వచ్చేయండి.

30-60 సెకన్లకోసారి ఒక్క కీచు

ఎక్కువగా బ్యాటరీ అయిపోయినట్టు. అర్ధరాత్రే మొదలవడం మన దురదృష్టం కాదు, గది చల్లబడితే నీరసించిన బ్యాటరీ వోల్టేజీ ఇంకా పడిపోతుంది. మాన్యువల్‌లో చెప్పిన రకమే వేయండి.

కొత్త బ్యాటరీ వేసినా కీచు

సెన్సర్ కాలం తీరి ఉండొచ్చు. మోడల్‌ను బట్టి 5 నుంచి 10 ఏళ్లు పనిచేస్తుంది, వెనకవైపు తేదీ చూడండి. తీరితే అలారమే మార్చాలి. టెస్ట్ బటన్ నొక్కితే మోగుతోందని నమ్మకండి, అది హారన్‌ను, సర్క్యూట్‌నే పరీక్షిస్తుంది. సెన్సర్ గ్యాస్‌ను పట్టగలదో లేదో దాంతో తెలియదు.

మోగింది, తీరా చూస్తే గ్యాస్ లేదన్నారు

ఛార్జ్ అవుతున్న లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్, పెయింట్ ఆవిరి, స్ప్రేలు కూడా సెన్సర్‌ను మోసం చేస్తాయి. అయితే ఆ మాట కొలిచినవాళ్లు చెప్పాలి, మనం కాదు. పైగా వాళ్లు వచ్చేసరికి గాలి ఆడి డిస్‌ప్లే సున్నాకి రావచ్చు. పీక్ లెవెల్ బటన్ ఉంటే నొక్కి, గరిష్ఠంగా ఎంత నమోదైందో చూపించండి. అప్పటిదాకా రీసెట్ జోలికి పోవద్దు, చాలా మోడళ్లలో ఆ అంకె చెరిగిపోతుంది.